సముద్రం ఒడ్డు నుంచి పల్లి చేనుకు నీళ్లు

కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నడిగడ్డలో పుట్టినవాణ్ణి. ఒక చెంప పక్కన ఆ నది, ఇంకో చెంప పక్కన ఈ నది. అబద్ధమాడితే ఏది ముందు కొడుతుందో తెలియని చోట బతుకుతున్నాను. అందుకని ముందే ప్రమాణం చేస్తున్నాను. ఇప్పుడు రాయబోయేదంతా జరిగింది జరిగినట్టే. ఇందులో ఒక్క మాట కల్పితమైనా వచ్చే యాసంగికి నా బోరు దుమ్ము పోయాలి, నా పల్లి చేనులో కాయలకు బదులు గులకరాళ్లు ఊరాలి. మా ఊళ్లో నా ప్రమాణాలకు పెద్ద విలువ లేదన్న మాట వాస్తవమే. ఇంతకు ముందు చేసిన ప్రమాణాలకు ఆ బోరు ఇప్పటికే మూడుసార్లు ఎండింది కూడా. కానీ ఈసారి వేరు.

మాది ఇటిక్యాల మండలంలో ఒక ఊరు. నాలుగెకరాల ఎర్ర చెల్క. పెళ్లయిన కొత్తలో ఒకనాడు బీచుపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున నిలబడి మా ఆమె అడిగింది:

“గీ నీళ్లన్నీ యాడికి పోతయి?”

“సముద్రానికి.”

“నువ్వు సూసినవా?”

“నీకే సూపిస్త,” అన్నాను. చూశానో లేదో చెప్పకుండా తప్పించుకునే విద్య నాకు అప్పటికే వచ్చు.

ఆ తరవాత ఇరవై మూడేళ్లు కృష్ణ నీళ్లు సముద్రానికి పోతూనే ఉన్నాయి, మేం మాత్రం కదలలేదు. ఒక ఏడు మోటరు కాలింది. ఒక ఏడు బర్రె ఈనింది. ఒక ఏడు అన్నీ బాగానే ఉన్నాయి కానీ, అన్నీ బాగున్నప్పుడు ఊరు విడిచిపోవడం మంచిది కాదని నేనే ఒక శాస్త్రం చెప్పాను. మా ఆమె ఎదురు చెప్పలేదు. ఆ శాస్త్రాన్ని మాత్రం ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ నా ముందరే వినిపించింది.

చివరికి నా సాకులన్నిటినీ ఒక్క డబ్బాతో మూసేసింది మా బిడ్డ. వనపర్తిలో డిగ్రీ చదువుతోంది. నిరుడు పట్టుబట్టి మోటరుకు మొబైల్ స్టార్టర్ పెట్టించింది. దానిలో ఒక సిమ్ కార్డు ఉంటుంది. దానికి ఫోన్ చేస్తే ఒక ఆడగొంతు పలుకుతుంది. ఒకటి నొక్కితే మోటరు ఆన్, రెండు నొక్కితే ఆఫ్. అన్ని నంబర్లకూ పలకదు, మనం ఎక్కించిన నంబర్లకే పలుకుతుంది. కరెంటు పోయినా వచ్చినా, మోటరు ఆగినా నడిచినా, ఎక్కించిన నంబర్లన్నిటికీ తనే ఫోన్ చేసి చెబుతుంది. నా నంబరు ఎక్కించమంటే మా బిడ్డ దాంతో పాటు వాళ్లమ్మ నంబరు కూడా ఎక్కించింది.

“అమ్మదెందుకు బిడ్డా? ఆమె మోటరు నడుపుతదా?”

“ఉండనీ నాయినా. నీకొచ్చిన నష్టమేంది?”

నష్టం లేదు కనక ఊరుకున్నాను. మా ఆమె ఆ గొంతును ఒకటి రెండుసార్లు విని, “నాకు జేసినదానికంటె ఈమెకే శాన ఫోన్లు జేస్తవ్ గద,” అని ఊరుకుంది.

డిసెంబరులో మా బిడ్డకు నాలుగు రోజులు సెలవులొచ్చాయి. బాపట్ల దగ్గర సూర్యలంకలో మూడు రోజులకు ఒక గది ఫోన్లోనే మాట్లాడి పెట్టేసింది. సరిగ్గా అప్పుడు మా పల్లి చేను ఊడలు దిగే దశలో ఉంది. పల్లి సంగతి తెలియనివాళ్లకు చెబుతాను: పువ్వు రాలాక కొమ్మ నుంచి సూదిలాంటి ఊడ ఒకటి నేలలోకి దిగుతుంది. దాని కొసనే కాయ ఊరుతుంది. నేల తడిగా ఉంటేనే ఊడ దిగేది. మా ఎర్ర చెల్క నాలుగు రోజులు నీళ్లు చూడకపోతే పెంకులా బిగుస్తుంది. ఊడ ఆ పెంకు మీద వాలి, ఎండి, పోతుంది.

ఇక మా బోరు ముగ్గురిది. ఒక వంతు నాది, ఒకటి పక్క చేను చాచాది, ఇంకొకటి మా దాయాది పాలివాడిది. పొద్దు పొడిచిన కాడి నుంచి పొద్దు గూకే దాకా ఒక్కొక్కరికి ఒక్కో దినం వంతు. తప్పిపోతే మళ్లీ మూడో నాటికి. వంతు మార్చుకోవాలంటే మా దగ్గర ఫోన్లో అడగరు. అడగాల్సినవాడు తెల్లారక ముందే వెళ్లి, ఇచ్చేవాడి గడప ముందు నిలబడి, “జర నీ వంతు నాకియ్యి,” అని నోటితో అడగాలి. ఫోన్లో అడిగితే అవమానించినట్టు లెక్క. అందులోనూ మా పాలివాడు. గడప ముందు నిలబడితే కూడా కూర్చోమనడు.

మా ప్రయాణంలో రెండో దినం నా వంతు పడింది. నేను ఆ మాట ఎత్తానో లేదో, మా ఆమె చేతిలో పిండి దులుపుకుంటూ బయటికి వచ్చింది.

“మూడు దినాలు,” అంది. “మూడు దినాలంటె మూడు దినాలే. మోటరు కాలనీ, బోరు కూలనీ, ఎనకకు మల్లేది లేదు. మల్లితివా, ఇగ నా ముంగట సముద్రం పేరెత్తకు. నేను మల్ల రాను. సచ్చినంక నా బూడిద గూడ బీచుపల్లి కాడనే కలుపుర్రి.”

చాచా ధైర్యమిచ్చాడు. అరవై దాటినవాడు, నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు. “పో బేటా, పో. నువ్వాడ బటన్ నొక్కు, నేనీడ పైపులు మారుస్త. బేటీని జర సముద్రం సూడనీ.”

బయలుదేరే ముందు నేనొక జాగ్రత్త చేశాను. మా వైపు రాగి తీగ కోసం స్టార్టర్ డబ్బాలు విప్పుకుపోయే దొంగలు తిరుగుతున్నారు. అందుకని డబ్బాకు ఇంత లావు తాళం వేశాను. తాళంచెవి ఎక్కడ పెట్టాలన్నది మా ఇంట్లో తాతల కాలం నుంచీ తేలిన సంగతే. మొలతాడుకు కట్టుకున్నాను.

కర్నూలు వచ్చి, రైలెక్కి, గుంటూరులో మారి, బాపట్లలో దిగి, ఆటోలో సూర్యలంక చేరాం. సముద్రాన్ని ముందు చూసింది మా ఆమే. చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంది. గుడి ముందు విడిచినట్టు. కాసేపు అట్లాగే నిలబడి, “గింత నీళ్లా!” అంది. ఇంకాసేపటికి, “గింత నీళ్లకు వంతు లేదా?” అంది. అల వచ్చి పాదాలు తడిపితే చిన్నపిల్లలా అరిచి నా భుజం గట్టిగా పట్టుకుంది. ఇరవై మూడేళ్లలో నేను చేసిన మంచి పని అదొక్కటే అయినట్టు నన్ను చూసింది.

నేను కూడా నడుం దాకా దిగాను. మొదటి అల కొట్టగానే బొడ్డు పక్కన చల్లగా ఏదో తగిలింది. చేప అనుకుని అరిచాను. తీసి చూస్తే తాళంచెవి.

“చాచాకిచ్చి రావొద్దా అయ్యా!” అని మా ఆమె నెత్తి కొట్టుకుంది. “ఊరు ఊరంత దొంగలని తాళమేసి, చెవి సముద్రానికి సూపిస్తున్నవా?”

“ఫోనున్నది గద,” అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతులో ఉన్న ధీమా మీరు విని ఉండాల్సింది.

రెండో దినం పొద్దున్నే ఇసకలో కాళ్లు చాపుకు కూర్చుని, జొన్నరొట్టె కొరుకుతూ, మోటరుకు ఫోన్ చేశాను. ఆ ఆడగొంతు పలికింది. ఒకటి నొక్కాను. రెండో ఫోన్లో చాచాకు వీడియో కాల్ కలిపింది మా బిడ్డ. చాచా వీడియో కాల్లో ఎప్పుడూ చెవే కనిపిస్తుంది. ఎంత చెప్పినా ఫోన్ చెవికి ఆనించే మాట్లాడతాడు. అందుకని మేం ఆ పెద్ద చెవిని చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి చెవి అదిరింది.

“వచ్చినయ్! నీళ్లొచ్చినయ్ బేటా!”

చెవి పక్కకు జరిగితే వెనక మా చేను. స్ప్రింక్లర్లు గిరగిరా తిరుగుతున్నాయి. పక్కన గుంటూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం నోళ్లు తెరిచి చూసింది. “ఇక్కడి నుంచే మోటరు వేశారా అండీ?” అని వాళ్ల పెద్దాయన అడిగాడు. “మోటరేం లెక్క? మొన్న ఇట్లనే దూడను కట్టేసిన,” అన్నాను. మా బిడ్డ మొహం చున్నీలో దాచుకుంది.

పది గంటలప్పుడు మళ్లీ చాచా.

“బంద్ జెయ్! బేటా, జల్దీ బంద్ జెయ్!”

బోరు దగ్గర పైపునూ పైపునూ కలిపి పట్టి ఉంచే క్లాంపు పుటుక్కున విరిగింది. పైపులు విడిపోయి నీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేచాయి. పైన పోతున్న గద్ద ఒకటి తడిసి, రెక్కలు ఆరబెట్టుకోవడానికి కరెంటు స్తంభం మీద వాలింది. తాళంచెవి నా మొలతాడుకు ఉంది కనక చాచా ఆపలేడు. నేను రెండు నొక్కి ఆపాను.

చాచా సైకిల్ ట్యూబు ముక్కలతో జాయింటు చుట్టూ బిగించి కట్టాడు. నేను ఒకటి నొక్కాను. పైపులు విడిపోయాయి. రెండు నొక్కాను. మళ్లీ కట్టాడు. మళ్లీ విడిపోయాయి. మూడోసారి ఆయన అంగీ కూడా తడిసింది.

“క్లాంపు గద్వాలల దొరుకుతది,” అంది చెవి. “ఇయ్యాల ఐతవారం. దుకాణం తెరుస్తరో లేదో తెల్వదు. బండి గూడ మా పోరడు ఆత్మకూరుకు ఏస్కపోయిండు. పోయొచ్చేసరికి పొద్దు గూకుతది.”

ఇదీ సంగతి. ఈ దినం వంతు పోతే చేను మళ్లీ మూడు రోజులు ఎండాలి. ఊడలు ఆగవు. రేపు పాలివాడి వంతు. ఇప్పుడే బయలుదేరితే రేపు తెల్లారక ముందు పాలివాడి గడప ముందు నిలబడగలను. నిలబడితే చేను దక్కవచ్చు. కానీ మా ఆమె సముద్రం అక్కడితో సరి. ఆమె అన్న మాట అన్నట్టే ఉంటుందని నాకు ఇరవై మూడేళ్ల అనుభవం.

ఆమె అప్పటికి అంతా విని, ఇసకలో కదలకుండా కూర్చుని ఉంది. సముద్రాన్ని చూస్తోంది తప్ప నన్ను చూడటం లేదు.

ఇంకెవడైనా అయితే సంచి భుజానికెత్తుకునేవాడు. నేనెత్తుకోలేదు. ఈ మాట గుర్తుంచుకోండి. నేను లేచి నిలబడి, నాలుగు దిక్కులా చూశాను. మా నడిగడ్డ బుర్ర అలాంటి సమయాల్లోనే పనిచేస్తుంది. కొంచెం దూరంలో, ఒడ్డుకు లాగిన పడవ నీడన ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటున్నాడు. రోజూ నీళ్లతో గుంజులాడేవాడు కదా, నీళ్ల బలం ఇతనికి తెలియక ఇంకెవరికి తెలుస్తుంది అని ఆలోచించి, ఫోన్ పట్టుకుని నేరుగా ఆయన దగ్గరికి నడిచాను.

ఆయన తల కూడా ఎత్తలేదు. “ఏందబ్బాయ్ పొద్దుట్నుంచీ ఆ కేకలు? చేపలన్నీ లోపలికి పోతన్నయ్.”

చెప్పాను. ఫోన్లో చూపించాను. ముందు చెవి కనబడింది. “ఇదేంది?” అన్నాడు. “మా చాచా,” అన్నాను. తరవాత పైపు కనబడింది. చూశాడు. వల పక్కన పెట్టాడు.

“చుట్టూ కడితే ఏం ఆగుద్దయ్యా? నీళ్లు పైపుల్ని ముందుకి నెడతన్నయ్. పడవ ముందుకి కొట్టుకుపోతంటే దాని నడుం చుట్టూ తాడు కడతామా? ఎనక్కి లాగి కడతాం. ఈ పైపుకొక ముడి, ఆ పైపుకొక ముడి. రెంటికీ నడుమ తాడు. తాడులో పుల్ల దూర్చి మెలెయ్యమను.”

చాచా దగ్గర ఎడ్లను కట్టే మోకు ఉంది. కానీ ముడి తెలియదు. పెద్దాయన తన తాడు తీసి, నా మోకాలి మీదా మా బిడ్డ మోకాలి మీదా వేసి, రెండు కాళ్లనూ పైపులు చేసి ముడి చూపించాడు. జారే కొద్దీ బిగిసే ముడి. మా బిడ్డ ఫోన్ పట్టింది.

“చెవి తీసి కన్ను పెట్టు చాచా!” అని అరిచాను.

“ఆఁ, పెట్టిన!” ఈసారి తెరంతా ఒకటే కన్ను.

“తడిపి కట్టమను,” అన్నాడు పెద్దాయన. “పొడి తాడు మోసం చేసుద్ది.”

చాచా తడిపి కట్టాడు. తుమ్మ పుల్ల దూర్చి మెలేశాడు. “ఇంక జర... ఇంక జర... యా అల్లా, ఇగ తిరుగుత లేదు!”

“అయితే చాలు,” అన్నాడు పెద్దాయన. “ఎయ్యండి మోటరు.”

ఒకటి నొక్కాను. గుంటూరు కుటుంబం కూడా వచ్చి చుట్టూ నిలబడింది. వేరుశెనగకాయలు అమ్మే ఆమె బుట్ట దించి నిలబడింది. ఎవరూ ఊపిరి తీయలేదు. ఆ ఒక్క నిమిషం సముద్రం కూడా అల వేయకుండా ఆగింది. నేను చూశాను కనక చెబుతున్నాను. తెర మీద మోకు బిర్రున బిగిసింది. జాయింటు దగ్గర నాలుగు చుక్కలు కారాయి, అంతే. చాచా ఫోన్ పైకెత్తాడు. చేను ఆ కొస నుంచి ఈ కొస దాకా స్ప్రింక్లర్లు ఒకదాని తరవాత ఒకటి లేచి తిరిగాయి.

ఒడ్డంతా చప్పట్లు. పెద్దాయన మాత్రం మళ్లీ వల తీసుకున్నాడు. “మీది ఏం పంట?” అని అడిగాడు. పల్లీలని చెప్పాను. “పండినాక కాసిని పంపు,” అన్నాడు.

ఆ పొద్దు గూకే దాకా చాచా పైపులు మారుస్తూనే ఉన్నాడు, మేం అలల్లో ఆడుతూనే ఉన్నాం. ప్రతిసారీ ఆపడానికి, వేయడానికి ఆయన కేకేస్తే మేం ఇక్కడి నుంచి నొక్కాం. నాలుగెకరాలూ తడిశాయి. మూడో దినం మా ఆమె మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి, ఫోన్ ఎత్తి పట్టుకుని చాచాకు సముద్రం చూపించింది. “సూడు చాచా, మన బీచుపల్లి నీళ్లు గీడికొచ్చినయ్.” చాచా చూశాడో లేదో తెలియదు. మాకు కనిపించింది చెవే.

పంట మంచిగా వచ్చింది. పెద్దాయనకు ఒక సంచి పంపాం. ఇంకో విశేషం, ఆ ఏడు మా పల్లీలు ఉప్పు వేయకుండానే ఉప్పగా ఉన్నాయి. సముద్రం నుంచి వేసిన మోటరు కదా. ఊరివాళ్లు వచ్చి, తిని, ఒప్పుకుని పోయారు.

ఇక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ ఇదంతా రాశాక మా బిడ్డ పైకి చదివింది. మా ఆమె చేటలో పల్లీలు ఒలుస్తూ విన్నది. అయిపోయాక పొట్టు చెరుగుతూ అంది:

“బోరు మీద ఒట్టేసినవంట గద. యాసంగి వస్తున్నది మల్ల.”

సరే. ఒప్పుకుంటాను. ఉప్పు సంగతి చాచా పుట్టించింది, అది నా లెక్కలోకి రాదు. గద్ద తడవడం నేను చూడలేదు, చాచాయే చెప్పాడు. పెద్దాయన నిజం, ముడి నిజం, మోకు నిజం, తడిసిన చేను నిజం. నేను కల్పించింది ఒక్కటే. అక్కడ నేను ఉన్నానన్నది.

నేను సంచి భుజానికెత్తుకున్నాను. “మూడు దినాలన్న,” అంది మా ఆమె. “చేను పోతది,” అన్నాను. “నువ్వు పో. నేను రాను,” అంది. తిరిగి చూడకుండా ఆటోల దగ్గరికి నడిచాను. ఇంకో ముగ్గురు ఎక్కితే గానీ కదలనన్నాడు ఆటో అతను. వాడితో నేను పోట్లాడుతున్నంత సేపట్లో ఆమె లేచింది, వల దగ్గరి పెద్దాయన్ని చూసింది, వెళ్లి అడిగింది. పడవ సంగతి ఆయన చెప్పింది ఆమెకే. ముడి వేసింది ఆమె మోకాలి మీదే. “చెవి తీసి కన్ను పెట్టు చాచా” అని అరిచిందీ ఆమే. అంతా తరవాత మా బిడ్డ చెప్పింది.

నాకు తెలిసింది ఎట్లాగంటే, ఆటోలో కూర్చుని ఉండగా నా ఫోన్ మోగింది. ఎత్తాను. మోటరు ఆడగొంతు.

“మీ మోటరు ఆన్ చేయబడినది,” అంది.

నేను చేయలేదు. నా ఫోన్ నా చేతిలోనే ఉంది. ఎక్కించిన నంబర్లు రెండే రెండు. “దిగుతారా, ఉంటారా?” అని ఆటో అతను అడిగాడు.

దిగాను. పరుగెత్తాను. చప్పట్లు అయిపోయే వేళకు చేరాను. అందరూ తెర చూస్తున్నారు. ఆమె ఒక్కతే తల తిప్పి నన్నూ, నా భుజం మీది సంచినీ చూసింది. ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిచాను. ఆ ఒక్కసారీ నాకు కథ దొరకలేదు.

“దించు,” అంది. “ఇంక దినమున్నర ఉన్నది.”